ఎవుల కొంగు వాళ్లది

షావుకారు కొన్న కంప్యూటర్లో ఎనిమిది కోర్లున్నాయి.
పెట్టె మీద రాసుంది, రసీదులో కూడా.
నా ప్రోగ్రాం మాత్రం ఒక్కదాన్నే పట్టుకుని
పన్నెండు వేల జీడిపప్పు ఫోటోలు
ఒకటొకటిగా చూస్తోంది.
ఇది గుండు, ఇది బద్ద, ఇది పలుకు,
ఇది గుండు.

తెర మీద ఎనిమిది గళ్లు.
ఒక గడి నిండా మంట.
ఏడు గళ్లలో, నేలకి ఆనుకుని, ఉలుకూ పలుకూ లేని గీత.
తెల్లారినా అవదు.

బయటికొచ్చాను.
కాశీబుగ్గలో వేకువకి జీడి నూనె కమురు వాసన.
బాయిలరు దింపిన పిక్కలు గచ్చు మీద కుమ్మరించి
ఢిల్లేశ్వరి చేటతో పంచుతోంది.
దాలమ్మకో చేట, కొర్లమ్మకో చేట,
ఆముదం రాసుకుంటున్న కొత్త పిల్లకి అర చేట.
ఎనిమిది కత్తి మిషన్లు, పెడళ్ల మీద ఎనిమిది కాళ్లు.
ఒకరి పిక్క పగిలేదాకా ఇంకొకరు ఆగక్కర్లేదు.

లోపలికెళ్లి లూపు నెత్తిన ఒక్క వాక్యం పెట్టాను:
ఎన్ని చేతులుంటే అన్నింటికీ పంచు.

ఎనిమిది గళ్లూ ఒక్కసారి లేచాయి.
వంతెన ఎక్కే లారీలా ఫ్యాను మూలిగింది.
తొమ్మిది నిమిషాలు!
లెక్క చూస్తే పదకొండు వేల నాలుగొందల డెబ్బై.
మళ్లీ నడిపాను. పదకొండు వేల ఆరొందల రెండు.
ఎక్కడో చిల్లుంది,
అదీ ప్రతిసారీ ఒకే చోట కాదు.

"ఏటి బాబూ, అలాగున్నావు?"
టీ గ్లాసుతో గుమ్మంలో దాలమ్మ.
చెప్పాను. ఎనిమిది మందీ ఒకే పుస్తకంలో రాస్తున్నారు,
ఒకరి అంకె మీద ఇంకొకరు.
"మా దానేసు పుస్తకమే కదేటి," అంది.
"మొన్న ముఠా లెక్క నలభై కేజీలు.
నా ఆరు కలిపి నలభయ్యారు అన్నాడు దానేసు.
ఆడి మేనల్లుడు ముందే నలభై చూసీసి
కొర్లి అయిదు కలిపి నలభయ్యయిదు రాసీసినాడు.
నా ఆరూ ఏ గంగలో కలిసిపోనాయో!"

"తరవాత?"
"తరవాతేటి, గడె ఎట్టినాడు. ఒకులెనక ఒకులు."

నేనూ గడె పెట్టాను.
లెక్క కుదిరింది. పొద్దు కుదరలేదు.
ఎనిమిది గంపలూ కాటా దగ్గర నిలబడ్డాయి,
ఎనిమిది కత్తులూ ఊరికే ఉన్నాయి,
నలభై నిమిషాలు, ఇంకా వరస.

వేలి బొబ్బ ఊదుకుంటూ కొర్లమ్మ నవ్వింది.
కొంగు ముడి విప్పి చూపించింది: చింతపిక్కలు.
కేజీకొకటి.
"ఎవుల లెక్క ఆల్ల కొంగునే ఉంటాది.
సాయంత్రం అందరం ఒక్కసారి ముడి ఇప్పుతాం."

ఒక్కో కోరుకీ ఒక్కో కొంగు ఇచ్చాను.
దారిలో ఎవరూ ఎవర్నీ అడగరు,
చివర మాత్రం ఒక్క కూడిక.
పది నిమిషాలు, పన్నెండు వేలు. సరిగ్గా.
అందులో ఆఖరి నిమిషం ఏడు గళ్లు ఖాళీయే,
బొబ్బ వేలితో వెనకబడిన ఎనిమిదో గడి కోసం.
షెడ్డులోనూ అంతే,
కొర్లమ్మ లేచేదాకా ముఠా లేవదు.

షావుకారు భుజం తట్టి వెళ్లాడు.
అప్పుడొచ్చింది ఊర్మిళ.
అవతలి గదిలో కిటికీ వెలుగుకి
పప్పు ఏరే పదకొండు మందిలో ఒకతె.
తెర వంక కాదు, పెట్టె వంక చూసింది.
"ఇది ఎంతమంది పని సేస్తాది?"

ఎనిమిది అనబోయాను.
అది కోర్ల లెక్క.
ఆమె అడిగింది వేరే లెక్క.

నేను గుండని తేల్చిన పళ్లెంలోంచి
ఒక పప్పు తీసి కిటికీకి పట్టింది.
వెంట్రుకంత చీలిక.
గోటితో తట్టగానే రెండయింది.
బద్దల గంపలో పడేసి
ఏమీ అనకుండా వెళ్లి తన పీట మీద కూర్చుంది.

లెక్క మళ్లీ మారింది.